కారుతున్న వాల్వు: పాత కారు హీటరులోని రసాయన శాస్త్రం

తెలుగునాట పుట్టి పెరిగినవారికి కారులో హీటరు అవసరమన్న ఊహే సాధారణంగా కలగదు. మే నెలలో విజయవాడ నుండి గుంటూరుకు ప్రయాణం చేసే మనిషి కోరుకునేది చల్లగాలినే గాని వేడిగాలిని కాదు. అదే మనిషి ఉద్యోగరీత్యా షికాగోలోనో, మాంచెస్టరులోనో కాపురం పెట్టిన మొదటి చలికాలంలోనే హీటరు విలాసవస్తువు కాదని గ్రహిస్తాడు. కాళ్ళకు వెచ్చదనాన్ని ఇవ్వడం దాని పనులలో చిన్నది. ముందు అద్దానికి లోపలి నుండి పట్టే ఆవిరిని, బయట పేరుకునే మంచును తొలగించి దారి కనబడేటట్లు చేయడం దాని ముఖ్యమైన బాధ్యత.

కొత్త కారులో ఈ విషయాన్ని గురించి ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. కాని పాతకాలపు కార్లను ముచ్చటపడి కొని, సెలవు రోజులలో స్వహస్తాలతో బాగుచేసుకునే అలవాటు అమెరికాలోను, బ్రిటనులోను బాగా పాతుకొని ఉన్నది. అటువంటి కార్లకు తరచుగా వచ్చే చిన్న జబ్బు హీటర్ వాల్వు కారడం. లోపం చూడడానికి అల్పమైనదే. దాని వెనుక ఉన్న రసాయన శాస్త్రం మాత్రం అల్పమైనది కాదు. దానివల్ల ఇంటికి కలిగే ప్రమాదం అంతకన్నా కాదు. కొత్త వాల్వు బిగించినా మళ్ళీ మళ్ళీ కారుతూనే ఉన్నదంటే, సాధారణంగా లోపం బిగించిన చేతిది కాదు. ఏ పదార్థం ఏ ద్రవంతో పొసగుతుందన్న విచారణ ముందుగా జరగకపోవడమే అసలు కారణం. ఆ విచారణే ఈ వ్యాసానికి విషయం.

అంబాసిడరుకు బంధువు

ఉదాహరణగా ఎం.జి.బి. కారును తీసుకోవచ్చు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో 1962 నుండి 1980 వరకు తయారైన ఈ చిన్న కారు ఐదు లక్షలకు పైగా అమ్ముడయింది. వాటిలో అధికభాగం అమెరికాకు ఎగుమతి అయింది. దానిలోని 1798 సి.సి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణికి చెందినది. ఆ శ్రేణిలోని 1489 సి.సి. ఇంజనుతోనే హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారు కొన్ని దశాబ్దాల పాటు భారతదేశమంతటా తిరిగింది. కలెక్టరు కచేరీ ముందు, రైల్వే స్టేషను టాక్సీల వరుసలో అంబాసిడరును చూస్తూ పెరిగినవారు ఎం.జి.బి. బానెట్ ఎత్తి చూస్తే అందులో పాత బంధువు పోలికలు కనబడతాయి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ ఇంజనుకు అన్నదమ్ముల వరుస అయిన ఇంజన్లు మాత్రం ఔత్సాహికుల గ్యారేజీలలో ఇప్పటికీ మ్రోగుతూనే ఉన్నాయి.

ఎం.జి.బి. వచ్చిన తొలి సంవత్సరాలలో హీటరు కారుతో పాటు వచ్చేది కాదు. కావలసినవారు అదనపు వెల చెల్లించి పెట్టించుకునేవారు. దాని పనితీరు సరళమైనది. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంత భాగాన్ని సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు గ్రహిస్తుంది. ఆ నీరు సుమారు 82 డిగ్రీల సెల్సియస్ చేరినప్పుడు థర్మోస్టాట్ తెరుచుకొని దానిని రేడియేటరుకు పంపుతుంది. ఈ వేడినీటిలో ఒక పాయ సిలిండర్ హెడ్ వెనుక భాగం నుండి విడిపోయి, హీటర్ వాల్వు గుండా హీటరులోని సన్నని గొట్టాలలోకి ప్రవహిస్తుంది. అక్కడ గాలికి వేడినిచ్చి నీటి పంపు వైపు తిరిగి పోతుంది.

డాష్‌బోర్డు మీది మీటను తిప్పితే ఒక ఉక్కు తీగ వాల్వు చేతిని లాగుతుంది. చేయి కదిలితే లోపలి మూత తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. చేయి బయట ఉన్నది. వేడినీరు లోపల ఉన్నది. ఈ రకం వాల్వులలో రెండింటికి నడుమ సరిహద్దుగా నిలిచేది ఒక పలుచని రబ్బరు పొర. అది చేతి కదలికను లోపలికి పోనివ్వాలి, నీటిని బయటికి రానివ్వకూడదు. ఏళ్ళ తరబడి వేడినీటిలో ఉంటూ, వంగుతూ లేస్తూ ఈ రెండు పనులను నిర్వహించవలసి రావడం వల్లనే ఆ పొర మిగిలిన భాగాలకంటే ముందుగా అలసిపోతుంది.

పాత్రకు తగిన పదార్థం

ఆవకాయను రాచ్చిప్పలోనో జాడీలోనో పెడతారు గాని ఇనుప డబ్బాలో పెట్టరు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే దానికి కళాయి పూత ఉండి తీరాలి. ఉప్పు, పులుపు లోహాన్ని తింటాయనీ, తిన్న లోహం వంటలో కలుస్తుందనీ పెద్దలు అనుభవంతో గుర్తించారు. హీటర్ వాల్వుకు వర్తించే సూత్రం కూడా అదే. అందులో నాలుగు పదార్థాలు ఒకదానినొకటి అంటుకొని ఉంటాయి: రబ్బరు, లోహం, నీరు, గ్లైకాల్. వీటి నడుమ సామరస్యం ఉన్నంతకాలం వాల్వు కారదు.

మొదటిది రబ్బరు. చెట్టు పాల నుండి వచ్చే సహజమైన రబ్బరు వేడికి జిగురుగాను, చలికి పెళుసుగాను మారుతుంది. గంధకంతో కలిపి వేడిచేస్తే దాని పొడవైన అణుహారాల మధ్య అడ్డువంతెనలు ఏర్పడి స్థితిస్థాపకత స్థిరపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. అయినా ఆ హారాల వెన్నెముకలో కర్బన పరమాణువుల నడుమ జంట బంధాలు మిగిలే ఉంటాయి. ఆమ్లజని, ఓజోను దాడి చేసేది సరిగా ఆ జంట బంధాల మీదనే. కాలక్రమాన కొన్ని హారాలు తెగుతాయి, మరికొన్ని చోట్ల అనవసరమైన వంతెనలు పెరుగుతాయి. మెత్తని పొర బిరుసెక్కి పగుళ్ళు వారుతుంది.

ఈ ముసలితనాన్ని వేడి త్వరపరుస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని స్థూలంగా చెబుతారు. ఈ లెక్కన 22 డిగ్రీల గదిలో ఉన్న రబ్బరుతో పోలిస్తే 82 డిగ్రీల నీటిలో ఉన్న రబ్బరు ఆరు మెట్లు పైన ఉన్నది. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64. అంటే గదిలో 64 ఏళ్ళలో రావలసిన ముసలితనం వాల్వులో ఒక్క ఏడాది వేడికే రాగలదన్నమాట. ఇది ఉజ్జాయింపు లెక్కయే గాని, పొర ఎందుకు పాడవుతుందో గ్రహించడానికి చాలు.

దీనికి విరుగుడు జంట బంధాలు లేని వెన్నెముక కలిగిన రబ్బరు. ఇథిలీన్, ప్రొపిలీన్ వాయువులను, కొద్దిపాటి డయీన్‌ను కలిపి తయారుచేసే ఇ.పి.డి.ఎం. అనే కృత్రిమమైన రబ్బరు అటువంటిది. కార్ల్ జీగ్లర్, జూలియో నట్టా కనుగొన్న ఉత్ప్రేరకాలు దీనికి మూలం. ఆ కృషికి వారిద్దరికీ 1963లో నోబెల్ బహుమానం లభించింది. ఇ.పి.డి.ఎం.లో జంట బంధాలు పక్క కొమ్మలలో ఉంటాయి గాని కాండంలో ఉండవు. కొమ్మ విరిగినా చెట్టు నిలిచినట్లు, అక్కడ చర్య జరిగినా హారం తెగదు. వేడినీటికి, గ్లైకాల్‌కు అది చక్కగా తట్టుకుంటుంది. దానికి ఒకటే శత్రువు: పెట్రోలియం నూనె. ఇంజను ఆయిలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు స్వభావం దీనికి విరుద్ధం. అది నూనెకు జంకదు. చిరకాలం వేడినీటిలో ఉంటే మాత్రం గట్టిపడుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి కనుక కంటికి తేడా తెలియదు. అందుచేత పొరను కొనేటప్పుడు పదార్థం పేరు అడిగి తెలుసుకోవడం ఆవశ్యకం.

తుత్తునాగపు బలం, బలహీనత

రెండవది లోహం. ఆనాటి వాల్వులలో కొన్ని ఇత్తడివి. చాలావాటిని తుత్తునాగపు మిశ్రలోహంతో పోతపోసేవారు. తుత్తునాగంలో సుమారు నాలుగు శాతం అల్యూమినియం కలిపిన ఈ లోహాన్ని అమెరికాలో జమాక్ అనీ, బ్రిటనులో మజాక్ అనీ అంటారు. తక్కువ వేడికి కరిగి, అచ్చులో ప్రతి మూలకూ పాకుతుంది, చౌక కూడా. అందుకే తయారీదారులు దానిని ఆదరించారు.

కాని తుత్తునాగం ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢమైన క్షారంలోనూ కరుగుతుంది. ఇటువంటి స్వభావం కల లోహం కొద్దిపాటి క్షారగుణం గల ద్రవంలో మాత్రమే క్షేమంగా ఉండగలదు. ద్రవం పుల్లబడితే లోహం తరుగుతూ, తెల్లని పొడిగా బయటపడుతుంది. అంతేగాక, రాగి లేదా ఇత్తడి హీటరు, పోత ఇనుము సిలిండర్ హెడ్, తుత్తునాగపు వాల్వు ఒకే ద్రవంలో తడిసి ఉండడం వల్ల చిన్న విద్యుత్ ఘటం వంటిది ఏర్పడుతుంది. అందులో ముందుగా బలి అయ్యేది తుత్తునాగమే. ఇత్తడి వాల్వులోనైనా ఇదే కథ మరొక రూపంలో జరుగుతుంది. తుత్తునాగం కరిగిపోయి, రంధ్రాలతో నిండిన ఎర్రటి రాగి మిగులుతుంది.

మూడవది నీరు. కుళాయి నీటిలోని కాల్షియం లవణాలు వేడికి పెచ్చులుగా పేరుకుంటాయి. టీ కెటిలు అడుగున పట్టే తెల్లని పొర ఇదే. వాల్వు మూత కూర్చునే పీటం మీద ఈ పెచ్చు పడితే మూత పూర్తిగా మూసుకోదు. వేసవిలో కూడా హీటరు వేడిగాలిని చిమ్ముతుంటే కారణం తరచుగా ఇదే. అందుచేత శుద్ధిచేసిన స్వేదనజలాన్నే వాడాలి.

నాలుగవది గ్లైకాల్. నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరిగి ఇంజను దిమ్మనే చీల్చగలదు. దానిని నివారించడానికి చలిదేశాలలో ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. 1850ల దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ మొదటిసారి తయారుచేసిన పదార్థమిది. వింత ఏమంటే, స్వచ్ఛమైన గ్లైకాల్ సున్నాకు దిగువన 13 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. దానిని సగం నీటితో కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. నీటి అణువులు మంచు స్ఫటికంగా కూడబోతే గ్లైకాల్ అణువులు అడ్డుపడతాయి. గ్లైకాల్ అణువులు కూడబోతే నీటి అణువులు అడ్డుపడతాయి.

గ్లైకాల్ కూడా శాశ్వతం కాదు. వేడి, గాలిలోని ఆమ్లజని, లోహాల సాన్నిధ్యం కలిసినప్పుడు అది మెల్లగా గ్లైకాలిక్ ఆమ్లంగాను, ఫార్మిక్ ఆమ్లంగాను, కొంతవరకు ఆక్సాలిక్ ఆమ్లంగాను మారుతుంది. కూలెంట్ డబ్బాలో కలిపి అమ్మే నిరోధక లవణాలు ఈ ఆమ్లాలను అదుపులో ఉంచుతాయి. అవి ఖర్చయిన తరువాత ద్రవం పుల్లబడుతుంది. పుల్లబడ్డ ద్రవం తుత్తునాగాన్ని తింటుంది. సంప్రదాయ పద్ధతి కూలెంట్‌ను రెండేళ్ళకొకసారి మార్చమని చెప్పడంలోని అంతరార్థమిదే. రంగు ఇందుకు నమ్మదగిన గుర్తు కాదు. అది కేవలం కలిపిన అద్దకం. పాత కార్లలో సీసంతో అతికిన రాగి, ఇత్తడి రేడియేటర్లు ఉంటాయి కనుక వాటికి తగినదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న కూలెంట్‌నే ఎంచుకోవాలి.

ఎక్కడ కారుతున్నది?

మరమ్మతుకు ముందు రోగ నిర్ణయం జరగాలి. వాల్వు దగ్గర నీరు మూడు చోట్ల నుండి రావచ్చు: గొట్టం బిగించిన క్లిప్పు దగ్గర, వాల్వుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉన్న గ్యాస్కెట్ దగ్గర, చేయి లోపలికి పోయే పొర దగ్గర. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రాంతమంతా తుడిచి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరును పలుచగా చల్లాలి. పిదప ఇంజను నడిపి, ఫ్యాను జోలికి పోకుండా దూరం నుండి దీపం వేసి గమనిస్తే తడి గీత మొదలైన చోటు తేటతెల్లమవుతుంది. ఎండిన మరకల రంగు కూడా కొంత చెబుతుంది: తెల్లని పొడి తుత్తునాగపు క్షయానికి, గోధుమరంగు ఇనుప త్రుప్పుకు గుర్తు. ఆకుపచ్చ మరక రాగి చిలుము కావచ్చు, ఎండిన కూలెంట్ రంగూ కావచ్చు.

కారు లోపల తియ్యని వాసన వస్తూ, ముందు అద్దం మీద జిడ్డు వంటి ఆవిరి పడుతుంటే ఎం.జి.బి. వంటి కార్లలో అది వాల్వు తప్పు కాదు. హీటరులోని గొట్టాలే చిల్లుపడ్డాయని అనుమానించాలి. ఆ మరమ్మతు వేరు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తెరవరాదు. చదరపు అంగుళానికి 10 పౌండ్ల అదనపు ఒత్తిడిలో నీరు సుమారు 115 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతుంది.

మరమ్మతు క్రమం

చల్లారిన ఇంజను నుండి కూలెంట్‌ను సిలిండర్ హెడ్ మట్టానికి దిగువ వరకు వెడల్పాటి పాత్రలోకి దించాలి. మొత్తం వ్యవస్థలో పట్టేది ఐదారు లీటర్లే. తరువాత తీగను, గొట్టాన్ని విడదీయాలి. గొట్టం పాతదై అతుక్కుపోతే లాగకూడదు. అవతలి చివర ఉన్న హీటరు గొట్టం మెత్తని టంకంతో అతికినది, లాగితే ఆ అతుకు ఊడుతుంది. గొట్టాన్ని నిలువుగా కోసి తీయడమే మేలు. రబ్బరు గొట్టం ఖరీదు కొంచెమే. హీటరు ఖరీదు చాలా ఎక్కువ. వాల్వును పట్టి ఉంచే నట్లకు ముందురోజే త్రుప్పు వదిలించే నూనె పట్టించి, బలవంతం చేయకుండా అటూ ఇటూ కదిలిస్తూ విప్పాలి. స్టడ్ విరిగితే చిన్న పని పెద్ద పని అవుతుంది.

పాత గ్యాస్కెట్ అవశేషాలను గీకి తీసేటప్పుడు తడిపి గీకాలి. ఆ కాలపు గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. పొడిగా గరుకుకాగితంతో రుద్దితే దాని సూక్ష్మమైన నారలు ఊపిరితిత్తులలోకి పోతాయి.

వాల్వును శుభ్రం చేయడంలో రసాయన జ్ఞానం బాగా అక్కరకు వస్తుంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. దానిలోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. ఇత్తడి వాల్వుకు కొద్దిసేపు ఆ వైద్యం చేయవచ్చు. అదే చింతపండును, వినెగారును, నిమ్మ ఉప్పును తుత్తునాగపు వాల్వుకు తగిలిస్తే చిలుముతో పాటు లోహమూ కరుగుతుంది. మురుగు గొట్టాలను శుభ్రపరిచే కాస్టిక్ సోడా కూడా దానికి అంతే హాని చేస్తుంది. గోరువెచ్చని సబ్బునీరు, మెత్తని బ్రష్షు చాలు.

వాల్వు పై మూతను నొక్కిపట్టే రేకు నాలుకలు ఉన్న రకమైతే వాటిని మెల్లగా ఎత్తి మూత తీయాలి. ఆ నాలుకలు ఒకసారి వంగి లేవగలవు. రెండవ మూడవసారికి విరుగుతాయి. పాత పొరను నమూనాగా పెట్టుకొని, లోపల గుడ్డ అల్లిక కలిగిన ఇ.పి.డి.ఎం. రేకు నుండి అదే మందంలో కొత్త పొరను కత్తిరించాలి. చేయి తిరిగే చోట సిలికోన్ గ్రీజు రాయాలి. పెట్రోలియం గ్రీజు పనికిరాదన్న కారణం పైన చెప్పబడింది. హెడ్‌కు ఆనే వాల్వు ముఖం వంకర తిరిగి ఉంటే, మందపాటి అద్దం పలక మీద సన్నని గరుకుకాగితం పరచి, తడిపి, దాని మీద ముఖాన్ని గుండ్రంగా తిప్పుతూ రుద్ది చదును చేయాలి. లోహంలోనే గుంటలు పడి, గోరు దిగబడేటట్లు ఉంటే ఆ వాల్వుకు ఆయువు తీరినట్లే. పొర మార్చి ప్రయోజనం లేదు.

బిగించేముందు బల్ల మీదనే పరీక్షించాలి. వాల్వు ఒక ద్వారాన్ని రబ్బరు బిరడాతో మూసి, నీటి తొట్టిలో ముంచి, రెండవ ద్వారం నుండి సైకిలు పంపుతో కొద్దిగా గాలి ఎక్కిస్తే బుడగలు గుట్టు బయటపెడతాయి. ఒత్తిడి రేడియేటరు మూత మీద ముద్రించిన అంకెను దాటకూడదు.

బిగింపులో అతి చేయరాదు. తుత్తునాగపు మిశ్రలోహానికి ఒక గుణం ఉన్నది: వేడిలో నిరంతరం ఒత్తిడి పడితే అది మెల్లమెల్లగా పాకుతూ రూపం మార్చుకుంటుంది. గట్టిగా బిగించిన కొద్దీ లోహం అంచులు వంగి, నడుమ సందు ఏర్పడుతుంది. కారుతున్నదని మరింత బిగిస్తే సందు మరింత పెరుగుతుంది. రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా సమానంగా బిగించి, ఇంజను రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారిన తరువాత మరొకసారి నెమ్మదిగా సరిచూడాలి. కూలెంట్ నింపేటప్పుడు హీటర్ వాల్వును పూర్తిగా తెరిచి ఉంచాలి. లేకపోతే హీటరులో గాలి చిక్కుకొని వేడి రాదు.

కారుడును అరికడతామని అమ్మే పొడులు, ద్రవాలు ఇక్కడ వాడకపోవడం క్షేమం. అవి చిల్లునూ హీటరులోని సన్నని దారినీ వేరుగా గుర్తించలేవు, రెండింటినీ పూడ్చవచ్చు.

తియ్యని విషం

ఒక్క చుక్క కారితే ఏమవుతుందన్న ప్రశ్నకు లెక్క వేసి చూడాలి. నిమిషానికి ఒక్క చుక్క చొప్పున రోజుకు 1440 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 72 మిల్లీలీటర్లు, వారానికి అర లీటరు. ఇంజనుకు ఇది మంచిది కాదు. ఐదారు లీటర్ల వ్యవస్థలో కొద్ది వారాలలోనే నీరు చాలక సిలిండర్ హెడ్ కాగిపోతుంది. ఇంటికి అంతకన్నా మంచిది కాదు. ఆ 72 మిల్లీలీటర్లలో సగం గ్లైకాల్, అంటే 36 మిల్లీలీటర్లు, గ్యారేజీ నేల మీద మడుగుగా నిలుస్తుంది.

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పాకే పసిపిల్లలు దానిని నాకడానికి ఆ తీపే కారణం. శరీర బరువులో కిలోకు సుమారు 1.4 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన గ్లైకాల్ ప్రాణాంతకమని వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. పది కిలోల పసివాడికి అది 14 మిల్లీలీటర్లు, ఒక పెద్ద చెంచాకు మించదు. ఒక్కరోజు మడుగులో దానికి రెండున్నర రెట్లు ఉన్నది.

ఇక్కడ గమనించవలసిన రసాయన సత్యం ఒకటి ఉన్నది. గ్లైకాల్ తానుగా చేసే హాని తక్కువ. కాలేయంలోని ఎంజైములు దానిని గ్లైకాలిక్ ఆమ్లంగాను, ఆక్సాలిక్ ఆమ్లంగాను మార్చడం వల్లనే విషమవుతుంది. రేడియేటరులో గాలి, వేడి కలిసి ఏళ్ళ మీద చేసే మార్పునే కాలేయం గంటలలో చేస్తుంది. అక్కడ లోహాన్ని తిన్న ఆమ్లాలే ఇక్కడ రక్తాన్ని పుల్లబరుస్తాయి. ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కూడి సూదుల వంటి స్ఫటికాలుగా మూత్రపిండాలలో పేరుకుంటుంది. కందను కోసిన చేతికి దురద పుట్టించేవి కూడా ఈ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే. చర్మానికి అవి దురద. మూత్రపిండానికి అవి మృత్యువు.

మొదటి గంటలలో బాధితుడు తాగినవాడివలె తూలుతాడు. తరువాత కొంత తేరుకున్నట్లు కనబడినా నమ్మరాదు. మూత్రపిండాలు దెబ్బతినడం ఒకటి రెండు రోజులలో బయటపడుతుంది. అందుచేత లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అమెరికాలో విష చికిత్సా సలహా కేంద్రాల ఫోను 1-800-222-1222 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. కాలేయంలోని ఎంజైమును నిరోధించి, గ్లైకాల్ ఆమ్లంగా మారకుండా ఆపే ఫోమెపిజోల్ అనే మందును ఈ చికిత్సకు అమెరికా ప్రభుత్వం 1997లో ఆమోదించింది. సకాలంలో ఇస్తే మార్పు చెందని గ్లైకాల్ మూత్రంలో బయటికి పోతుంది.

2012లో అమెరికా తయారీదారులు కూలెంట్‌లో చేదు పదార్థాన్ని స్వచ్ఛందంగా కలపడానికి అంగీకరించారు. అది మంచిదే; కాని పాత డబ్బాలు, పాత కార్లలోని ద్రవాలు చేదుగా ఉంటాయన్న నమ్మకం లేదు. తీసిన కూలెంట్‌ను శీతల పానీయపు సీసాలో ఎన్నడూ పోయరాదు. బిగువైన మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పురపాలక సంఘం వారి సేకరణ కేంద్రానికి అప్పగించాలి. నేల మీద ఒలికినదాన్ని రంపపు పొట్టుతో పీల్పించి, పొట్టును ఎత్తివేసి, పిదప కడగాలి. చిన్నపిల్లలున్న ఇళ్ళవారు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన కూలెంట్ తమ కారుకు తగునేమో విచారించుకోవచ్చు. శరీరం దానిని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే ఆమ్లంగా మార్చుకుంటుంది కనుక దాని విషప్రభావం చాలా తక్కువ. అయినా వాడిన కూలెంట్‌లో సీసం వంటి లోహాలు కరిగి ఉంటాయి కాబట్టి అదీ పిల్లలకు అందకూడదు.

కొత్త వాల్వు కొనేముందు

పాత వాల్వు పనికిరానిదైతే కొత్తది కొనవలసిందే. కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి: లోహం ఏది, రబ్బరు ఏది, గ్యాస్కెట్ దేనితో చేసినది? ఈ మూడింటికి సమాధానం చెప్పగల విక్రేత దగ్గర కొన్న వాల్వు మన్నే అవకాశం ఎక్కువ. దానితో పాటు స్వేదనజలం, తగిన కూలెంట్, రెండేళ్ళ గడువును గుర్తుచేసే చీటీ బానెట్ కింద ఉండాలి. కొత్త వాల్వు వచ్చేదాకా కారును కదపక తప్పనప్పుడు హెడ్ నుండి వచ్చే దారిని బిళ్ళతో మూసి, హీటరును తప్పించి నడపవచ్చు. అయితే అద్దం మీది ఆవిరి పోదు కనుక చలిలోను, వానలోను ఆ కారును రోడ్డు మీదికి తీయకూడదు.

పాత కారును బాగుచేసే తండ్రి పక్కన కూర్చొని స్పానర్లు అందించే పిల్లలకు ఇది మంచి పాఠశాల. రబ్బరు ఎందుకు బిరుసెక్కుతుందో, తుత్తునాగం పులుపుకు ఎందుకు కరుగుతుందో, మంచు ఎందుకు ఇనుమును చీలుస్తుందో పుస్తకంలో చదివినదానికన్నా చేత్తో పట్టుకొని చూసినది ఎక్కువ కాలం గుర్తుంటుంది. కాని ఆ పాఠం మొదలయ్యే ముందే నేల మీది మడుగును శుభ్రంగా తుడిచివేయాలి.